పాత టేకు తలుపు మీది రంగు: ఏది తీయాలి, ఎక్కడ ఆగాలి

కోనసీమలోనూ, భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల పల్లెల్లోనూ మండువా లోగిళ్లను ఒక్కొక్కటిగా విప్పేస్తున్నారు. స్తంభాలు, దూలాలు, ద్వారబంధాలు ముందు కలప అడితికి చేరతాయి. అక్కడి నుంచి హైదరాబాద్ శివార్లలోని ఫామ్‌హౌస్‌లకో, రిసార్టులకో పోతాయి. ఇల్లు పోయినా తాతగారి వీధి తలుపయినా ఉంచుకుందామని కొత్త డాబాకు బిగించుకునేవాళ్లూ ఉన్నారు. ఎవరు కొన్నా, ఎవరు దాచుకున్నా మొదట అనే మాట ఒకటే: ఈ రంగంతా ఊడగొట్టించి చెక్క బయటికి తేవాలి. ఆ వెంటనే అడిగేది, దేంతో గీకితే తొందరగా పోతుందని.

చిక్కంతా ఆ రెండో ప్రశ్నతోనే వస్తుంది. పైకి బ్రౌన్ రంగు వేసినట్టు కనిపించే తలుపు మీద నిజానికి నాలుగైదు రకాల పదార్థాలు ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి. ఒకదాన్ని కరిగించే మందు ఇంకోదాన్ని కదపలేదు. వాటిలో ఒకటి రెండు పొరలు పొడి అయితే ఇంట్లో పిల్లలకు విషం. అన్నిటికంటే అడుగున, చెక్క పైముఖం మీద, వడ్రంగి చేతి పని ఉంటుంది. అది ఒక్కసారి పోతే తిరిగి తేవడం ఎవరి వల్లా కాదు. కాబట్టి ముందు తెలుసుకోవాల్సింది ఏ పొర ఏమిటి, ఏ పొర దగ్గర చెయ్యి ఆపాలి అన్నది. మందు సంగతి ఆ తర్వాతే.

ఒక తలుపు మీద ఏమేం ఉంటాయి

మన వైపు ఇళ్లలో తరచు కనిపించే వరస ఇది. పైన ఒకటి రెండు కోటింగులు సింథటిక్ ఎనామిల్. దాని కింద ఆకుపచ్చో నీలమో, అదీ ఎనామిలే కానీ పాతది, గట్టిపడి గాజులా పెళుసెక్కినది. ఇంకా కిందికి పోతే పెయింటరు రంగు పొడిని అవిసె నూనెలో తనే కలుపుకుని వేసిన ఆయిల్ పెయింట్, దాని కింద లేత గులాబీ రంగు ప్రైమర్. కొన్నిటికి అట్టడుగున రంగే ఉండదు, లక్కతో చేసిన స్పిరిట్ పాలిష్ ఉంటుంది. ద్వారబంధం అంచుల వెంబడి ఏటేటా గోడకు వెల్ల వేసినప్పుడు పడిన సున్నం రాయిలా గట్టిపడి ఉంటుంది. అడుగున, నేలకు తగిలే చోట చెదలు పట్టకుండా పూసిన తారు. మధ్యలో ఎక్కడపడితే అక్కడ లప్పం.

వీటిని వదిలించే మందులు వేరువేరు. ఎనామిల్ వేడికి మెత్తబడుతుంది, పెయింట్ రిమూవర్‌కీ లొంగుతుంది. పాత ఆయిల్ పెయింట్‌ను కాస్టిక్ సోడా సబ్బుగా మార్చేస్తుంది. సబ్బు తయారీలో నూనెకు, సోడాకు మధ్య జరిగేదే ఇక్కడా జరుగుతుంది. లక్క పాలిష్ స్పిరిట్‌లో కరుగుతుంది. దాని మీద వేడి పెడితే జిగురులా సాగి స్క్రాపర్‌కు అంటుకుంటుందే తప్ప ఊడదు. సున్నం వేడికి చలించదు, రిమూవర్‌కూ చలించదు. వెనిగర్ లాంటి పల్చటి ఆమ్లంతో తడిపి మెత్తబరిచి గీకాలి. తారు మీద హీట్ గన్ పెడితే కరిగి చెక్క నిండా పాకుతుంది, దాన్ని కిరసనాయిలు గుడ్డతో తుడవడమే మార్గం.

ఈ సంగతి తెలియక ఒకే డబ్బా రిమూవర్ కొని పని మొదలుపెడతారు. రెండు పొరలు బాగానే వస్తాయి. మూడోది కదలదు. "ఈ కెమికల్ డూప్లికేట్ సార్" అని పనివాడు గ్రైండర్ ప్లగ్గు పెడతాడు. చాలా తలుపులు పాడయ్యేది సరిగ్గా అక్కడే.

కాబట్టి రంగు తీయడానికి ముందు తలుపును చదవాలి. ఒక బందు మరలు విప్పి పక్కన పెట్టండి. దాని రేకు కింద గాలీ వెలుతురూ తగలని చెక్క ఉంటుంది, తలుపు బిగించిన రోజున ఎలా ఉందో దాదాపు అలాగే. అక్కడ చెక్క మీద నేరుగా గులాబీ ప్రైమర్ కనిపిస్తే ఆ తలుపును మొదటి నుంచీ రంగు వేయడానికే చేశారన్నమాట. బందు కింద గోధుమరంగు పాలిష్ మరక ఉండి, చుట్టూ మాత్రమే రంగు ఉంటే, అది చెక్క కనిపించాలని చేసిన తలుపు, రంగులు తర్వాతి తరాలవి. ఈ రెండింటికీ చేయాల్సిన పని ఒకటి కాదు.

తర్వాత ఎక్కడైనా కనపడని మూల, అణా బిళ్లంత జాగాలో, పదునైన బ్లేడుతో ఒక్కో పొరనూ మెట్లు మెట్లుగా చెక్కి చూడాలి. పొడి లేవకుండా తడి చేసుకుంటూ చేయాలి. లోపలి నుంచి బయటికి ఉంగరాల్లా రంగులు బయటపడతాయి: చెక్క, గులాబీ, పసుపు, పచ్చ, నీలం, బ్రౌన్. అట్టడుగు పొర మీద స్పిరిట్‌లో తడిపిన దూది అద్ది పట్టుకోండి. దూదికి గోధుమరంగు జిగట అంటితే అది లక్క పాలిష్. తిన్నర్‌కు మాత్రమే కరిగితే అది లాకర్ (lacquer) అనే మెరుపు పూత రకం. రెండింటికీ కదలకపోతే ఆయిల్ పెయింటో ఎనామిలో. అరగంట పని ఇది. ఇది చేయించకుండా బేరం మాట్లాడే మేస్త్రీకి తలుపు అప్పగించకపోవడం మంచిది.

చెక్క ఏదో కూడా అప్పుడే తెలుస్తుంది. అమ్మేవాళ్ల లెక్కలో ప్రతి పాత తలుపూ బర్మా టేకే. బర్మా నుంచి ఓడల మీద ఈ తీరానికి టేకు వచ్చిన మాట నిజమే. ఇక్కడి నుంచి కూలికి వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ కోరంగి రేవు పేరు మీదనే పిలిచేంత రాకపోకలు ఉండేవి. 1942లో జపాన్ సైన్యం రంగూన్‌ను పట్టుకున్నాక అవి తెగిపోయాయి. కానీ మన ఏజెన్సీ అడవుల టేకు కూడా తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దిగేది. ఇక సామాన్యుల ఇళ్లకు మద్ది, వేప, పనస, మామిడి. మామిడి చెక్క తలుపుకు కష్టపడి రంగంతా తీయిస్తే కింద కనిపించేది మచ్చలు, అతుకులు, లప్పం. అలాంటి తలుపుకు రంగే అందం. పొట్టు లేచిన మేరకు సరిచేసి మళ్లీ రంగు వేయించుకోవడం తెలివైన పని. ఈ మాట చెబితే చాలామందికి నచ్చదు.

గడప మీది పసుపు

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

గడపకు పసుపు రాసి బొట్లు పెట్టడం మన ఆచారం. పసుపు నీళ్లకు పోతుంది కనుక, రోజూ రాసే తీరిక లేక, కొన్ని తరాలుగా దాని బదులు పసుపు ఎనామిల్ వేసి, మీద ఎర్ర రంగుతో చుక్కలు, ముగ్గులు పెడుతున్నారు. సంక్రాంతికి ఒకసారి, ఇంట్లో పెళ్లి వస్తే ఇంకోసారి. పాత గడపల మీద ఆ పసుపు పొర అట్టలా మందంగా పేరుకుని ఉంటుంది.

పాత రంగుల్లో మెరిసే పసుపును తెచ్చిపెట్టింది ఎక్కువగా లెడ్ క్రోమేట్, అంటే సీసం కలిసిన రంగు పొడి. నారింజ, ఎరుపు రంగుల్లోనూ సీసం వాడకం ఎక్కువే. చాలా ఆకుపచ్చలు అదే పసుపులో నీలం కలిపి చేసినవి. పాత తెల్ల రంగుల్లో సీసపు తెలుపు ఉండేది. గులాబీ ప్రైమర్‌కు ఆ రంగు వచ్చింది మొదట్లో సీసపు తెలుపులో సీస సింధూరం కలపడం వల్లనే. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించరాదన్న నియమాలను 2016లో ప్రకటించారు, అవి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అమెరికాలో ఇళ్ల రంగుల్లో సీసాన్ని 1978లోనే నిషేధించారు. మధ్యలోని ఆ నలభై ఏళ్లలో మన తలుపులకు పడిన ప్రతి కోటింగునూ అనుమానించాల్సిందే.

చెక్కకు అంటుకుని గట్టిగా ఉన్న సీసపు రంగు ఎవరినీ పెద్దగా ఏమీ చేయదు. పొడి అయినప్పుడే ప్రమాదం. గడప మీద అందరూ కాలు వేస్తారు, పిల్లలు కూర్చుంటారు, పాకే బిడ్డ దాన్ని పట్టుకుని లేచి నిలబడి ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. ఒంట్లోకి చేరిన సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, రక్తహీనత తెస్తుంది. పిల్లల రక్తంలో ఇంతవరకు ఫర్వాలేదు అనే మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణులకూ అంతే ప్రమాదం, తల్లి ఎముకల్లో చేరిన సీసం కడుపులో బిడ్డకు చేరుతుంది.

ఇప్పుడు ఆ గడప మీద గ్రైండర్ పెట్టారనుకోండి. ఏళ్ల తరబడి పేరుకున్న సీసం పది నిమిషాల్లో మెత్తటి పొడిగా మారి మండువా అంతా పరుచుకుంటుంది. బియ్యం డబ్బా మూత మీద, మంచం మీద, ఆరేసిన బట్టల మీద వాలుతుంది. చీపురుతో ఊడిస్తే మళ్లీ లేస్తుంది. పనివాడి ముక్కుకు కట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపదు. అతను ఆ బట్టలతోనే ఇంటికి వెళ్లి పిల్లను ఎత్తుకుంటాడు.

సీసం ఉందో లేదో చూసే కిట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. రంగును పై నుంచి అడుగు దాకా ఏటవాలుగా కోసి, అన్ని పొరలూ తగిలేలా రుద్దాలి. కొన్ని రకాల్లో దూది గులాబీకో ఎరుపుకో తిరిగితే సీసం ఉన్నట్టు. అయితే ఎర్ర రంగు పొర మీద ఆ తేడా కనిపెట్టడం కష్టం. 2017కు ముందు వేసిన రంగైతే సీసం ఉందనే అనుకుని పని చేయించడం నా దృష్టిలో సులువైన దారి.

అలా అనుకుంటే పని పద్ధతి తనంతట తనే తేలిపోతుంది. తలుపు రెక్కలు విప్పి పెరట్లోకి తీసుకెళ్లడం, కింద మందపాటి ప్లాస్టిక్ షీట్ పరవడం, పొడిగా రుద్దకపోవడం, రుద్దాల్సి వస్తే నీళ్లు చల్లి వాటర్ పేపర్‌తో రుద్దడం, కనీసం ఎన్-95 మాస్కు ముఖానికి సందు లేకుండా పెట్టుకోవడం, అక్కడ టీ, బీడీ, పాన్ లాంటివి ఏవీ ముట్టకపోవడం, పని అయ్యాక స్నానం చేసి బట్టలు మార్చుకునే ఇంట్లోకి రావడం, ఆ బట్టలు విడిగా ఉతకడం. పిల్లలు, గర్భిణులు ఆ చుట్టుపక్కలకే రాకూడదు. ద్వారబంధం గోడలోనే ఉంటే అక్కడికక్కడే చేయాలి కాబట్టి లోపలి గుమ్మానికి ప్లాస్టిక్ పరదా కట్టి, తర్వాత తడి గుడ్డతో తుడవాలి.

ఏ పద్ధతి ఏం చేస్తుంది

గ్రైండర్ గురించి ఇంకో మాట కూడా ఉంది. సీసం లేకపోయినా అది పాత తలుపుకు శత్రువే. పాత వడ్రంగి చిత్రిక పట్టిన చెక్క అద్దంలా సమంగా ఉండదు. వెలుగు ఏటవాలుగా పడితే సన్నటి అలల్లా చిత్రిక గీతలు కనిపిస్తాయి. వెనకవైపు, ఎవరూ చూడరనుకున్న చోట, బాడిస దెబ్బలు కూడా ఉంటాయి. గ్రైండర్‌కు బిగించే గరుకు కాగితపు చక్రం, ఫ్లాప్ డిస్క్, వాటిని తుడిచేస్తుంది, పలకల అంచులను గుండ్రం చేస్తుంది, పై కమ్మీ మీది పద్మం రేకులను అరగదీసి బొబ్బట్టులా చేస్తుంది. ఏళ్లుగా రంగు తిరిగి తేనె వన్నెకు వచ్చిన పైపొర పలచటిది. అది పోయాక మిగిలేది మొన్న అడితిలో కోసినట్టుండే చెక్క. దానికి మళ్లీ "యాంటిక్ లుక్" స్టెయిన్ కొట్టిస్తారు.

రెండోది మంట. బ్లో ల్యాంప్‌తో కాలుస్తూ గీకడం పాత పెయింటర్లకు అలవాటైన పని, చేయి తిరిగినవాళ్లు వేగంగా చేస్తారు. కానీ ఆ వేడికి సీసం పొగగా లేస్తుంది. ఆ పొగ కంటికి కనపడదు, మామూలు మాస్కు దాన్ని ఆపదు. పైగా చెదలు తిన్న చోట, గోడకూ బంధానికీ మధ్య సందుల్లో, ఎండిన పుట్టమన్ను, సాలెగూళ్లు నిప్పు పట్టుకుని లోలోపల రాజుకుంటాయి. పైన తాటి దూలాలున్న ఇంట్లో ఆ సాహసం వద్దు.

కాస్టిక్ సోడా చవక, చాలామంది మొగ్గేది దానికే. ఇంగ్లండులో తలుపులను తలుపులుగా కాస్టిక్ తొట్టిలో ముంచి తీసే దుకాణాలున్నాయి. అక్కడి తలుపులు ఎక్కువ పైన్ చెక్కవి. టేకు సంగతి వేరు. టేకులో సహజంగా ఉండే పదార్థాలు క్షారం తగలగానే నల్లబడతాయి. పనస, మద్ది కూడా అంతే. నీళ్లు పీల్చుకుని పోగులు లేచి చెక్క గరుకెక్కుతుంది. చట్రం మూలల్లో ఒక ముక్కను ఇంకో ముక్క బెజ్జంలోకి దూర్చి చెక్కమేకులు కొట్టిన అతుకుల్లోకి సోడా నీళ్లు దూరి, లోపల సరేసు జిగురు ఉంటే దాన్ని కరిగిస్తాయి. కొన్నాళ్లకు తలుపు వదులవుతుంది. పైకి కడిగేసినట్టు కనిపించినా అతుకుల్లో మిగిలిన సోడా వానాకాలం తేమకు మళ్లీ బయటికి వచ్చి, కొత్తగా వేసిన పాలిష్‌ను కింద నుంచి తినేస్తుంది.

అయినా వాడి తీరాల్సిన చోట్లుంటాయి. ఏ మందుకూ లొంగని పాత ఆయిల్ పెయింట్ మీద, అదీ చిన్న చిన్న జాగాల్లో, పిండిలో కలిపి ముద్దగా పెట్టి తీయవచ్చు. ఎప్పుడూ నీళ్లలో సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికి మీద చిందుతుంది. అల్యూమినియం గిన్నె అసలు పనికిరాదు, సోడా దాన్ని తినేస్తూ మండే వాయువును వదులుతుంది. ప్లాస్టిక్ బక్కెట్టు, రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. కంట్లో పడితే చూపు పోయేంత ప్రమాదం.

తీశాక చెక్కలో సోడా మిగిలిందో లేదో చూడటానికి ల్యాబ్ అక్కర్లేదు, వంటింట్లో పసుపు చాలు. తెల్ల కాగితాన్ని పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టి ముక్కలు చేసుకోండి. చెక్కను మంచినీళ్లతో కాస్త తడిపి ఆ ముక్కను అద్దండి. ఎర్రబడిందంటే క్షారం ఇంకా ఉన్నట్టే. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేది ఇందుకే. పల్చటి వెనిగర్‌తో తుడిచి, మళ్లీ నీళ్లతో తుడిచి, పసుపు కాగితం పసుపుగానే ఉండే దాకా ఆ పని చేయాలి. అతుకుల దగ్గర ప్రత్యేకంగా చూడాలి.

ఇక డబ్బాల్లో వచ్చే పెయింట్ రిమూవర్. వీటిలో చాలా రకాలకు ప్రాణం మెథిలీన్ క్లోరైడ్ అనే ద్రావకం. పనితనానికి వంక పెట్టలేం. పూసిన కాసేపటికే ఎనామిల్ ముడతలు పడి లేస్తుంది. కానీ అది దాదాపు 40 డిగ్రీలకే మరిగిపోతుంది. రాజమండ్రిలో మే నెల మధ్యాహ్నం నీడలోనే అంత వేడి ఉంటుంది. పూసిన మందు రంగులోకి దిగేలోపే గాలిలో కలిసిపోతుంది, పనివాడు ఇంకో కోటింగు పూస్తాడు, డబ్బాలు ఖాళీ అవుతాయి. ఆ ఆవిరి గాలికంటే బరువైంది, మూసిన గదిలో నేల మీద నిలుస్తుంది. పీల్చినవాళ్ల ఒంట్లో అది కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ఈ ద్రావకం పీల్చి మనుషులు చనిపోయిన సంఘటనలు జరిగాకే 2019లో అమెరికా మామూలు కొనుగోలుదారులకు ఈ రకం రిమూవర్ల అమ్మకాన్ని ఆపేసింది. గుండె జబ్బున్నవాళ్లు దాని దగ్గరికే వెళ్లకూడదు. బెంజైల్ ఆల్కహాల్‌తో చేసిన జెల్ రకాలు దొరికితే అవి మెరుగు. నెమ్మదిగా పని చేస్తాయి. రాత్రి పూసి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి ఉంచితే పొద్దుటికి రెండు మూడు పొరలు ఒక్కసారే మెత్తబడతాయి. వాటికీ గ్లౌజులు, గాలి ఆడే చోటు కావాలి.

నేను మొదటి ఓటు వేసేది హీట్ గన్‌కూ స్క్రాపర్‌కూ. పొడి లేవదు, చెక్క తడవదు, నల్లబడదు. మంట లేదు కదా అని ధీమా మాత్రం వద్దు. చాలా హీట్ గన్‌లు 500, 600 డిగ్రీల దాకా వెళ్తాయి. సీసపు రంగు మీద 1100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 593 డిగ్రీల సెల్సియస్ దాటకూడదని అమెరికా నిబంధన. అంత వరకు పోవాల్సిన అవసరమే ఉండదు. వేడి తగ్గించుకునే సౌకర్యం ఉన్న గన్ తీసుకుని మధ్యస్థంగా పెట్టాలి. చెక్క నుంచి రెండంగుళాల దూరంలో పట్టుకుని కదుపుతూ ఉండాలి. ముందు రంగు మెరుపు పోతుంది, తర్వాత సన్నటి బుడగలు లేస్తాయి. పొగ రాకముందే, బుడగ లేచిన క్షణంలోనే, స్క్రాపర్‌ను చెక్క పోగుల వరస వెంబడి చిన్న వాలుతో తోయాలి. సరైన వేడి దగ్గర నాలుగు పొరలూ కలిసి నాడాలా చుట్టుకుంటూ వస్తాయి, పాత అవిసె నూనె వాసన వస్తుంది. పొగ కనిపించిందంటే ఎక్కువసేపు ఉంచినట్టు. స్క్రాపర్ మూలలు ముందే ఆకురాయితో కాస్త గుండ్రం చేసుకోకపోతే ప్రతి తోపుకూ చెక్క మీద గాటు పడుతుంది. పైన రంగు అద్దాలుంటే వాటి పక్కన హీట్ గన్ పెట్టకండి. ఒక వైపు వేడెక్కిన అద్దం పగులుతుంది, అలాంటి అద్దం ఇప్పుడు దొరకదు. ఆ అంగుళం మేర జెల్‌తో తీసుకోవాలి.

చెక్కడాల దగ్గర ఎవరూ తొందరపడకూడదు. గజలక్ష్మి ఉన్న పై కమ్మీ, చిలుకలు, లతలు, వీటి సందుల్లో జెల్ నింపి, కప్పి ఉంచి, వెదురు పుల్లలు చెక్కుకుని వాటితో తీయాలి. ఇనుప సూది, వైర్ బ్రష్ రెండూ వద్దు. వైర్ బ్రష్ గీతలే కాదు, తెగిన ఇనుప పోగులు కూడా చెక్కలో దిగబడతాయి. వాన తేమ తగలగానే టేకులోని టానిన్‌తో కలిసి నల్ల చుక్కలవుతాయి. ఉప్పుగాలి తగిలే అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్లలో పాత మేకుల చుట్టూ కనిపించే నల్లటి మరకలు ఇలాంటివే. వాటికి ఆక్జాలిక్ యాసిడ్ పల్చగా కలిపి అద్దితే పోతాయి. అది విషపదార్థం, చేత్తో ముట్టకూడదు, చెక్కలో సున్నం మిగిలి ఉంటే దాంతో కలిసి తెల్లటి పొడిగా నిలిచిపోతుంది. కాబట్టి ముందు సున్నం పని పూర్తి చేసుకోవాలి.

ఎక్కడ ఆగాలి? చెక్కడం లోతుల్లో, చెక్క పోగుల గుంటల్లో కొంచెం పాత రంగు మిగులుతుంది. దాన్ని కూడా రాబట్టాలని పట్టుబడితే పని రెండింతలవుతుంది, చెక్క అరుగుతుంది. అక్కడక్కడ పచ్చ, నీలం నలుసులు ఉండనివ్వండి. అడుగున లక్క పాలిష్ బాగానే ఉంటే అక్కడే ఆగి, దాన్ని స్పిరిట్ గుడ్డతో సర్దుకుంటే చాలు. వరదలో నానిన తలుపులకు మాత్రం అడుగు పలకల వైపు పూర్తిగా తీయించక తప్పదు. 1986 ఆగస్టు వరద చూసిన లంక గ్రామాల తలుపుల్లో కొన్నిటికి రంగు కింద సన్నటి ఒండ్రు పొర ఇప్పటికీ ఉంటుంది. అలాంటి చోట సూదితో గుచ్చి చూడాలి. చేవ, అంటే మాను నడిమి గట్టి చెక్క ఉన్న భాగం గట్టిగానే నిలుస్తుంది, బెరడు పక్కనుండే తెల్లచెక్క కలిసిన చోట సూది దిగిపోతుంది. ఆ ముక్క మేరకు కోసి అదే రకం పాత చెక్కతో అతుకు వేయించాలి.

గీకిన పొట్టు, తుడిచిన నీళ్లు

డెల్టాలో ఇల్లంటే పక్కన పంట కాలువో బోదో ఉంటుంది. గీకిన పొట్టును అందులోకి తోసేయడం, సోడా నీళ్లు పారబోయడం చూస్తూనే ఉంటాం. అదే కాలువ నీళ్లతో ఊరి మంచినీళ్ల చెరువు నింపుతారు, దిగువన రొయ్యల చెరువులుంటాయి. సీసం కుళ్లదు, కరిగి మాయమవదు. పొట్టును ప్లాస్టిక్ షీటుతో సహా చుట్టి, రెండు సంచుల్లో కట్టి, ప్రమాదకర చెత్త అని చెప్పి పురపాలక సిబ్బందికో పంచాయతీ వాళ్లకో ఇవ్వాలి. కొబ్బరి చెట్టు మొదట్లో పాతిపెట్టడం పరిష్కారం కాదు.

భోగి మంట ఇంకో సంగతి. పాతవన్నీ మంటలో వేయాలని విరిగిన కిటికీ రెక్కలు, ద్వారబంధం ముక్కలు రంగుతో సహా తెచ్చి వేస్తారు. చుట్టూ చలి కాచుకుంటూ చంటిపిల్లలు. రంగులోని సీసం కొంత పొగలో పోతుంది, మిగతాది బూడిదలో ఉంటుంది, ఆ బూడిద అంట్లు తోమడానికో ఆకుకూర మడిలోకో చేరుతుంది. రంగు వేసిన చెక్క భోగి మంటలోకీ, నీళ్లు కాచే పొయ్యిలోకీ వెళ్లకూడదు. పిడకలకు ఏ లోటూ లేదు కదా.

ఎప్పుడు చేయించాలి, తర్వాత ఏం పూయాలి

సంక్రాంతి వెళ్లాక, మాఘ ఫాల్గుణాల్లో ఈ పని పెట్టుకోవాలి. గాలిలో తేమ తక్కువ, ఎండ ఇంకా ముదరదు, జెల్ ఆరిపోదు, చెక్క సమంగా ఆరుతుంది. ఏప్రిల్ దాటితే మందులు ఆవిరవుతాయి, కాలువలు కట్టేసే రోజులు కనుక కడగడానికి నీళ్లకూ కటకటే. శ్రావణంలో చెక్క తేమ పీల్చి ఉబ్బి ఉంటుంది. అప్పుడు పాలిష్ వేస్తే తేమ లోపల బందీ అయి, మళ్లీ వేసవికల్లా పైపొర పొరలుగా లేస్తుంది. రంగు తీసిన తలుపును నీడలో, గాలి ఆడేలా కనీసం రెండు వారాలు ఆరనివ్వాలి.

పైపూత గురించి అడిగితే దుకాణంవాళ్లు పీయూ, అంటే పాలీయూరిథేన్ పూత వేయమంటారు. లోపలి తలుపులకు బాగుంటుంది. వీధి తలుపుకు వాన జల్లు, పడమటి ఎండ రెండూ తగులుతాయి. గట్టి పొర ఒక్కచోట పగిలిందంటే నీళ్లు దాని కిందికి దూరతాయి, మళ్లీ మొత్తం గీకాల్సిందే. నాకు పలచటి నూనె పూత మేలనిపిస్తుంది, పాడైన చోట మళ్లీ గుడ్డతో రుద్దుకుంటే సరిపోతుంది. టేకుకు సొంత నూనె ఉంటుంది కాబట్టి ముందు తిన్నర్ గుడ్డతో తుడిచి వెంటనే పూత వేయాలి, లేకపోతే ఆరక జిడ్డుగా ఉండిపోతుంది. పచ్చి అవిసె నూనె మన తేమకు బూజు పట్టిస్తుంది. డబుల్ బాయిల్డ్ రకం, అదీ పలచగా పూసి అరగంటలో మిగులు తుడిచేయాలి. ఆ తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండ చుట్టిన గుడ్డ ఎవరూ అంటించకుండానే అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరేయాలి, లేదా నీళ్ల బక్కెట్లో వేయాలి. గడపకు మళ్లీ పసుపు రంగే కావాలంటే డబ్బా మీద సీసం గురించి ఏం రాశారో చదివి కొనండి.

చివర్లో తలుపు బిగించేటప్పుడు ఒక పేచీ వస్తుంది. అన్ని పొరల రంగూ పోయింది కాబట్టి రెక్కలకూ బంధానికీ మధ్య సందు మునుపటికంటే ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని పూడ్చడానికి మేస్త్రీ బీడింగ్, అంటే సన్నటి చెక్క పట్టీ కొడతానంటాడు. ఒక వానాకాలం ఆగండి. శ్రావణంలో తలుపు ఉబ్బాక ఆ సందు ఎంత మిగిలిందో చూసుకుని, అప్పటికీ గాలి కొడుతుంటే బీడింగ్ మాట ఆలోచించవచ్చు.